ఉప్పుగాలికి నిలిచే పాక: తీరప్రాంత రైతుల కట్టడాలకు సామగ్రి ఎంపిక

బాపట్ల జిల్లా నిజాంపట్నం మండలంలోని అడవులదీవి పేరులోనే అడవి, దీవి రెండూ ఉన్నాయి. మడ అడవులు, ఉప్పుటేరులు, డెల్టా కాలువల చివరి వరి పొలాలు, రొయ్యల చెరువులు కలిసిన ఈ ప్రాంతంలో నేలను, నీటిని, గాలిని ఉప్పు ఒకేలా అంటిపెట్టుకొని ఉంటుంది. ఇక్కడి రైతు విత్తనం కొనే ముందు చౌడును తట్టుకునే వరి రకం ఏదని శాస్త్రవేత్తను అడుగుతాడు. గొడ్ల చావిడికి రేకు కొనేటప్పుడు మాత్రం దుకాణదారుని మాటే ఆఖరు. తెనాలిలో బాగా మన్నిన రేకే అడవులదీవిలోనూ మన్నుతుందని నమ్మి కొంటాడు. కొన్నేళ్ళకే రేకు అంచులు ఎర్రబారుతాయి, హుక్కుల చుట్టూ రంధ్రాలు పడతాయి. చిన్న రైతు కుటుంబానికి ఇల్లు, పశువుల పాక, మేత గోదాము భూమి తరువాత అతిపెద్ద పెట్టుబడులు. అందుచేత ఉప్పును తట్టుకునే వంగడాన్ని ఎంపిక చేసినంత జాగ్రత్తగానే ఉప్పును తట్టుకునే సామగ్రిని ఎంపిక చేయవలసి ఉంది. ఆ సలహాకు కావలసిన సమాచారంలో చాలా భాగం విస్తరణ శాస్త్రవేత్తల చేతిలో ఇప్పటికే ఉంది.

రేకు ఆయుష్షు పూతలో ఉంది

ఇనుప రేకును కాపాడేది దానిపై ఉన్న జింకు పూత. సముద్రం నుంచి వీచే గాలి సన్నని ఉప్పు కణాలను మోసుకొచ్చి రేకుపై పరుస్తుంది. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక వర్షం లేని రోజున కూడా రేకుపై కంటికి కనిపించని తడిపొర నిలిచి ఉంటుంది. ఆ తడిలో జింకు కొద్దికొద్దిగా కరిగిపోతుంది. అది పూర్తిగా తరిగిన చోట ఇనుము ఎర్రబారడం మొదలవుతుంది.

పూత మందాన్ని చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్న లెక్కలో చెబుతారు. 275 గ్రాముల పూత అంటే రెండు వైపులా కలిపి 275 గ్రాములు. ఒక్కో వైపున మందం సుమారు 19 మైక్రాన్లు. 120 గ్రాముల పూత ఒక్కో వైపున 8 మైక్రాన్లకు కొంచెం ఎక్కువ. అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 9223 వాతావరణాలను తుప్పు తీవ్రతను బట్టి తరగతులుగా విభజించింది. మధ్యస్థమైన సి-3 తరగతిలో జింకు ఏడాదికి 0.7 నుంచి 2.1 మైక్రాన్లు, అతి తీవ్రమైన సి-5 తరగతిలో 4.2 నుంచి 8.4 మైక్రాన్లు తరుగుతుంది. ఈ అంకెలతో భాగిస్తే 275 గ్రాముల పూత సి-3 వాతావరణంలో కనీసం 9 ఏళ్ళు నిలుస్తుంది. సి-5 వాతావరణంలో రెండేళ్ళ నుంచి నాలుగున్నర ఏళ్ళలోనే అయిపోతుంది. 120 గ్రాముల పూతకు అక్కడ రెండేళ్ళు కూడా కష్టమే. ఏ ఊరు ఏ తరగతిలోకి వస్తుందో అక్కడ కొలిచి నిర్ణయించవలసినదే. అయినా డెల్టా లోపలి తెనాలికీ, ఉప్పుటేరుల ఒడ్డున ఉన్న అడవులదీవికీ ఒకే రేకు ఎందుకు సరిపోదో ఈ లెక్క చూపుతుంది. కాబట్టి రైతు రేకు మందంతో పాటు పూత ఎన్ని గ్రాములని తప్పక అడగాలి.

అల్యూమినియం 55 శాతం, జింకు 43.4 శాతం, సిలికాన్ 1.6 శాతం గల మిశ్రమ పూత రేకులు తీరప్రాంతంలో అంతే మందం గల జింకు పూత కంటే రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ కాలం మన్నుతాయి. ఈ పూత చదరపు మీటరుకు 150 గ్రాములకు తగ్గకుండా ఉండి, దానిపై కాల్చి పట్టించిన రంగు కూడా ఉంటే ఇంటి వరండాకు, మేత గోదాముకు అది తగిన ఎంపిక.

మరొక విషయం పరిశీలనతోనే తెలుస్తుంది. రేకు పైభాగం కంటే చూరు కింది భాగం ముందుగా తుప్పు పడుతుంది. పైభాగంపై చేరిన ఉప్పును వాన ఏటా కడుగుతుంది. వాన తగలని చోట ఉప్పు పేరుకుపోతుంది. అందువల్ల రంగు పైకి మాత్రమే కాక అడుగుకూ ఉండాలి. ఎండాకాలంలో ఒకటి రెండుసార్లు చూరు కింద, దూలాల అతుకుల వద్ద మంచినీటితో కడగడం ఖర్చులేని సంరక్షణ.

పశువుల పాకకు లెక్క వేరు

ఇంటికి తగిన రేకు పశువుల పాకకు తగకపోవచ్చు. పేడ, మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా పైకెక్కి రేకు అడుగున చేరిన తడిలో కరిగి క్షారమవుతుంది. జింకు, అల్యూమినియం రెండూ ఆమ్లానికే కాక క్షారానికి కూడా లొంగే లోహాలు. అల్యూమినియం-జింకు పూత రేకుల తయారీదారులు సాధారణంగా పశువుల షెడ్లకు హామీ వర్తింపజేయకపోవడానికి కారణం ఇదే. రైతు ఆ పత్రాన్ని కొనే ముందే చదివించుకోవాలి. లోహపు రేకే వేయవలసి వస్తే అడుగున కూడా రంగు పూత ఉన్నది తీసుకొని, పాక ఎత్తు పెంచి, నడికొప్పు వద్ద గాలి పోయే సందు విడిచి, మూత్రం నిలవకుండా నేలకు వాలు ఇవ్వాలి.

వేసవిలో పశువులకు వేడి తగ్గించడానికి పైకప్పుపై సున్నం కొట్టమని సలహా ఇవ్వడం పరిపాటి. సిమెంటు రేకులపై, కాంక్రీటు కప్పుపై ఆ సలహా మంచిదే. అల్యూమినియం గల పూతపై అదే సున్నం హాని చేస్తుంది, ఎందుకంటే తడి సున్నం తీవ్రమైన క్షారం. జింకు పూతకూ అది మేలు చేయదు. లోహపు రేకులకు వేడిని తిప్పికొట్టే తెల్లని ఆక్రిలిక్ రంగు వాడాలి. పైకప్పు దేనితో చేసినదో అడగకుండా సున్నం సిఫారసు చేయరాదు.

అమ్మోనియాకు, ఉప్పుకు బాగా తట్టుకునేవి సిమెంటు రేకులు. అయితే వాడుకలో ఉన్న పాత సిమెంటు రేకులలో అధిక భాగం ఆస్బెస్టాస్ కలిసినవే. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. అరవైకి పైగా దేశాలు దాని వాడకాన్ని నిషేధించాయి. మన దేశంలో ఈ రేకుల తయారీ, అమ్మకం ఇప్పటికీ సాగుతున్నాయి. కొత్త పాకకు ఆస్బెస్టాస్ లేని ఫైబర్ సిమెంటు రేకులనే ఎంచుకోవాలి. పాత రేకులు పగలకుండా ఉన్నంత వరకు వాటిని కదపకపోవడం మేలు. తీయవలసి వస్తే నీటితో తడిపి, విరగకుండా దించాలి. పొడిగా కోయడం, రంధ్రాలు వేయడం, చీపురుతో రుద్దడం చేయరాదు. తుపానులో పగిలిన ముక్కలను దారిలో గుంటలు పూడ్చడానికి వాడితే చక్రాల కింద నలిగిన ధూళి ఇంటిల్లిపాది ఊపిరితిత్తులకు చేరుతుంది.

తాటాకు పాకను పాతకాలపు దని తోసిపుచ్చనవసరం లేదు. తాటాకు తుప్పు పట్టదు, వేడిని లోపలికి రానీయదు, అమ్మోనియాకు చెడదు, గాలికి ఎగిరినా రేకులా మనిషిని కోయదు. దాని లోపాలు మూడు: నిప్పు భయం, రెండు మూడేళ్ళకోసారి కొత్త కప్పు, కప్పు నేసే పనివారు తగ్గిపోవడం. ఒకటి రెండు పాడిపశువులున్న కుటుంబం అప్పు చేసి పలుచని రేకు వేసుకోవడం కంటే గట్టి స్తంభాలపై తాటాకు కప్పు వేసుకొని, మిగిలిన డబ్బును నేల చదునుకూ మురుగు కాలువకూ పెట్టడం పశువుకు ఎక్కువ మేలు.

గాలి రేకును పైకి లాగుతుంది

1977 నవంబరు 19న చీరాల సమీపంలో తీరం దాటిన తుపాను దివిసీమను తుడిచిపెట్టింది. దాదాపు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చింది. అధికారిక లెక్క ప్రకారమే సుమారు పదివేల మంది మరణించారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్లకు దగ్గరలో తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు, గాలివిసురులలో 110 వరకు నమోదైంది. తీవ్రతలో ఈ రెండింటికి పోలిక లేదు. అయినా చిన్న తుపాను కూడా రేకుల కప్పును ఎందుకు లేపుకుపోతుందో సులభమైన లెక్క చెబుతుంది.

గాలి ఒత్తిడి దాని వేగపు వర్గానికి అనుపాతంగా పెరుగుతుంది. సెకనుకు మీటర్లలో వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరుపై ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. గంటకు 110 కిలోమీటర్ల గాలికి ఇది చదరపు మీటరుకు సుమారు 57 కిలోల బరువుతో సమానం. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 మూడవ భాగం విజయవాడకు నిర్దేశించిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగానికి ఒత్తిడి 150 కిలోలు దాటుతుంది. అర మిల్లీమీటరు ఇనుప రేకు బరువు చదరపు మీటరుకు నాలుగైదు కిలోలే. గాలి కప్పు మీదుగా పోతూ దానిని పైకి పీల్చినప్పుడు రేకును పట్టి ఉంచేది దాని బరువు కాదు, హుక్కు మాత్రమే. హుక్కు సగం తుప్పు పట్టి ఉంటే రేకు ఎంత మంచిదైనా నిరుపయోగం. ఎగిరే రేకు పక్కింటి వారికి ప్రాణాపాయం కూడా.

తుపాను ప్రాంతాల చిన్న కట్టడాలకు ఐ.ఎస్. 15498 ఇచ్చిన మార్గదర్శకాలలో రైతుకు పనికివచ్చేవి కొన్ని ఉన్నాయి. రెండు వాలుల కప్పు కంటే నాలుగు వైపులా వాలు ఉన్న కప్పు గాలికి బాగా నిలుస్తుంది. వాలు 22 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి. మరీ చదునైన కప్పుపై లాగుడు ఎక్కువ. జె-హుక్కు గాలి ఊపుకు సాగి విడిపోతుంది కనుక దూలాన్ని రెండు వైపులా చుట్టి పట్టే యు-బోల్టు మేలు. చూరు ఎక్కువగా బయటకు చాచరాదు. కప్పు అంచులలో, మూలలలో లాగుడు మధ్యభాగం కంటే ఎక్కువ కాబట్టి అక్కడ బోల్టులను దగ్గర దగ్గరగా వేయాలి. కప్పును వాసానికి, వాసాన్ని దూలానికి, దూలాన్ని స్తంభానికి, స్తంభాన్ని పునాదికి బిగించిన కట్టు ఎక్కడా తెగకూడదు.

బోల్టు లోహం రేకు లోహానికి తగినది కావాలి. అల్యూమినియం రేకుకు మామూలు ఇనుప బోల్టు, దానికి తోడు ఉప్పు తడి కలిస్తే చిన్న విద్యుత్ ఘటం తయారై రేకే రంధ్రం పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలులో 304 రకం కంటే మాలిబ్డినం కలిసిన 316 రకం ఉప్పుగాలికి ఎక్కువగా తట్టుకుంటుంది. కప్పు మొత్తం ఖర్చులో బోల్టుల వాటా స్వల్పం. ఆదా చేయకూడని చోటు అదే.

కాంక్రీటును లోపలి నుంచి చెరిచే ఉప్పు

ఉప్పుగాలిని చూసి విసిగిన రైతు చివరకు కాంక్రీటు కప్పే శాశ్వతమని భావిస్తాడు. కాంక్రీటులోని సున్నపు క్షారం ఊచలపై రక్షణ పొరను ఏర్పరుస్తుంది. బయటి నుంచి గానీ, కలిపిన నీటి నుంచి గానీ క్లోరైడు చేరితే ఆ పొర చెదిరి ఊచ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక కాంక్రీటు పగిలి పెచ్చులుగా రాలుతుంది. 1977 తరువాత తీరం వెంట నిర్మించిన తుపాను రక్షణ కేంద్రాలలో పలు భవనాలు ఈ విధంగానే ఊచలు బయటపడి శిథిలమయ్యాయి. ప్రాణాలు కాపాడవలసిన కప్పే ప్రమాదకరంగా మారింది.

తీరప్రాంత వాతావరణానికి గురయ్యే ఊచల కాంక్రీటును ఐ.ఎస్. 456 తీవ్రమైన తరగతిలో చేర్చింది. దానికి కనీసం ఎం-30 స్థాయి కాంక్రీటు, ఘనపు మీటరుకు 320 కిలోలకు తగ్గని సిమెంటు, సిమెంటు బరువులో 0.45 భాగం మించని నీరు, ఊచలపై 45 మిల్లీమీటర్ల కప్పుదల అవసరం. ఊళ్ళలో వాడుకలో ఉన్న ఒకటికి రెండు, నాలుగు పాళ్ళ కాంక్రీటు ఈ స్థాయికి ఏమాత్రం చాలదు. ఊచల కింద కంకర ముక్క పెట్టి సరిపెట్టడం మాని, కొలతకు చేసిన కవర్ బ్లాకులు పెట్టించాలి. స్లాగ్ సిమెంటు, ఫ్లైయాష్ కలిసిన పొజొలానా సిమెంటు క్లోరైడు చొరబాటును బాగా నిరోధిస్తాయి. అయితే వాటికి నీటి తడుపు కనీసం 10 రోజులు, వేడి పొడి వాతావరణంలో 14 రోజులు కావాలి. తడుపు మానితే వాటి మేలు దక్కదు.

నీటి విషయంలో విస్తరణ శాస్త్రవేత్త పాత్ర నేరుగా ఉంది. ఊచల కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదని ఐ.ఎస్. 456 నిర్దేశం. సాగునీటి పరీక్ష పత్రాలలో క్లోరైడును లీటరుకు మిల్లీ ఈక్వివలెంట్లలో ఇస్తారు. 500 మిల్లీగ్రాములు అంటే సుమారు 14 మిల్లీ ఈక్వివలెంట్లు. కాబట్టి రైతు పొలానికి చేయించుకున్న నీటి పరీక్ష పత్రమే ఇంటి పనికీ ఉపయోగపడుతుంది. క్లోరైడు అంకె లేక విద్యుత్ వాహకత మాత్రమే ఉన్నప్పుడు, మీటరుకు 2 డెసిసీమెన్లు దాటిన తీరప్రాంతపు నీటిని పరీక్షించకుండా కాంక్రీటుకు అనుమతించరాదు.

బాపట్లలోని ఉప్పునీటి పథకం తీరపు ఇసుక నేలలలో ఉప్పునీటిపై తేలే మంచినీటి పొరను నెమ్మదిగా తోడే మెరుగైన దొరువు పద్ధతిని రూపొందించింది. అదే సూత్రం ఇంటి పనికీ వర్తిస్తుంది. స్లాబు పోసే రోజున దొరువు నుంచి తొందరగా, ఎక్కువగా నీరు తోడితే అడుగున ఉన్న ఉప్పునీరు పైకి వస్తుంది. ఉదయం పరీక్షకు నిలిచిన నీరు మధ్యాహ్నానికి నిలవకపోవచ్చు. అందుకే నమూనాను తోడడం మొదట్లోనే కాక చివర్లోనూ తీయాలి. వీలైతే ముందు రోజులలో నెమ్మదిగా తోడి తొట్టెలో నిలవ చేసుకోవాలి. ఏటిమొగ ఇసుకకు కూడా ఇదే జాగ్రత్త అవసరం.

గోడలు, స్తంభాలు, గోదాములు

భూమిలోని ఉప్పునీరు ఇటుక గోడలోకి పైకి పాకి, ఆరినప్పుడు ఉప్పు పలుకులుగా మారి పూతను పొడిగా రాలుస్తుంది. దీనినే గోడకు చౌడు పట్టడం అంటారు. చౌడు పట్టిన గోడపై మందంగా సిమెంటు పూత వేస్తే తేమ మరింత పైకి పాకుతుంది. పునాదిపై తేమ నిరోధక పొర వేయడం, గోడకు ఊపిరాడే సున్నపు పూత, ఏటా సున్నం వేయడం ఇందుకు తగిన మార్గం. ఇది అందరికీ అందుబాటులో ఉన్న, తక్కువ ఖర్చుతో సాగే సంరక్షణ.

స్తంభాలకు గ్రానైటు రాయి తుప్పు గానీ చెద గానీ ఎరుగదు. బాపట్ల జిల్లాలోని మార్టూరు గ్రానైటు పరిశ్రమ దూరం కూడా కాదు. ఇనుప గొట్టాన్ని నేరుగా మట్టిలో పాతితే నేల మట్టం వద్ద, అనగా తడి, గాలి రెండూ కలిసే చోట అది మొదట తెగుతుంది. గొట్టాన్ని నేలకు పైన నిలిచిన కాంక్రీటు దిమ్మెపై బోల్టులతో బిగించాలి. తీరంలో విరివిగా దొరికే సరుగుడు కర్రను రాగి, క్రోమియం, బోరాన్ లవణాలతో శుద్ధి చేయిస్తేనే నేలలో నిలుస్తుంది. బోరాక్సు మాత్రమే పట్టించిన కర్ర వాన తగలని లోపలి పనికే తగినది. చేవ గల ముదురు తాటి దూలం పాకకు ఇప్పటికీ దీటైనది. లేత తాటిలో చేవ ఉండదు.

ఎరువుల గోదాములో ఉప్పు బయటి నుంచి రానవసరం లేదు. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ బరువులో సగానికి దగ్గరగా క్లోరైడే. బస్తాలను గోడకు, స్తంభానికి ఆనించకుండా చెక్క బల్లలపై పేర్చడం వల్ల ఎరువూ కట్టడమూ రెండూ నిలుస్తాయి.

ఏళ్ళతో లెక్కించిన ఖర్చు

ధర చూసి కొనడం వేరు, ఏళ్ళు చూసి కొనడం వేరు. ఉదాహరణకు ఒక కప్పుకు 100 పాళ్ళ ఖర్చై 4 ఏళ్ళు నిలిస్తే ఏడాదికి 25 పాళ్ళు. మరొకటి 170 పాళ్ళ ఖర్చుతో 12 ఏళ్ళు నిలిస్తే ఏడాదికి 14 పాళ్ళే. కప్పు మార్చే కూలి, ఆ రోజులలో తడిసిన మేత, పాలు తగ్గిన పశువు వంటి నష్టాలు కూడా మొదటి దానికే చేరతాయి. చేతిలో 170 పాళ్ళు లేని రైతుకు ఈ లెక్క చెప్పి ఊరుకుంటే చాలదు. అతనికి పాకను చిన్నదిగా చేసి మంచి సామగ్రితో కట్టుకోమనో, ఈ ఏడాది స్తంభాలు, బోల్టులు బలంగా వేసి కప్పుకు తాటాకు సరిపెట్టుకోమనో చెప్పాలి. స్తంభం నిలిస్తే కప్పు తరువాతైనా మార్చవచ్చు.

రేపల్లె, బాపట్ల, తెనాలి ప్రాంతాల విస్తరణ సిబ్బంది, గ్రామీణ అనుభవ శిక్షణకు వెళ్ళే విద్యార్థులు పొలం సందర్శనలో ఇంటి పెరటి వరకూ నాలుగు ప్రశ్నలు అడగవచ్చు: రేకు పూత ఎన్ని గ్రాములు, కప్పు కింద ఉన్నది మనుషులా పశువులా, బోల్టు దేనితో చేసినది, కాంక్రీటుకు వాడబోయే నీటిలో క్లోరైడు ఎంత. ఈ ప్రశ్నలకు జవాబులు కట్టడం మొదలు కాకముందే తెలియాలి. విత్తనాన్ని మరుసటి పంటకైనా మార్చుకోవచ్చు. పోసిన స్లాబులోని ఉప్పును తిరిగి తీయడం ఎవరి తరమూ కాదు.